మజ్జిగ పలచబడిన వారం

నిత్యానందం పాతికేళ్లలో గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట ప్రాంతాల్లో కొన్ని వందల గోడలకు రాతలు రాశాడు. వాటిలో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. ఇది ఫిర్యాదు కాదు, ఆ పని స్వభావమే అంత. ఎరువుల ప్రకటన మీదికి మరుసటి ఏడు సిమెంటు ప్రకటన వస్తుంది. ఎన్నికల గుర్తు మీద ఫలితాలు వచ్చిన నెలలోపే సున్నం పడుతుంది. చర్చి గోడ మీది వాక్యం ఏటా డిసెంబరులో సున్నం కిందికి పోయి, దాని మీద మళ్లీ రాయించుకునేది; ఇప్పుడు ఆ వాక్యాన్నీ ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి కడుతున్నారు.

ఇది నా చేతిపని అని ఆయన చూపించగలిగింది ఒక్కటే ఉంది. అది మార్కాపురం పలకరాయి మీద వేసిన తన ఇంటి బొమ్మ. పొడవు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు, మందం మూడో వంతు అంగుళానికి కొంచెం తక్కువ. కుడివైపు పై మూల విరిగి ఉంటుంది. అది బొమ్మ వేయక ముందే విరిగిన మూల.

ఆయన 1970లో బేస్తవారిపేట మండలంలోని ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి వెంకాయమ్మ కలుపు తీతకూ కోతలకూ పోయి పెంచింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. పదహారో ఏట గిద్దలూరు స్టేషను దగ్గర బోర్డులు రాసే ఒకాయన దగ్గర పనికి కుదిరాడు. మొదటి రెండేళ్లు కుంచెలు కడగడం తప్ప ఇంకో పని ఇవ్వలేదట. కుంచెను ముందు కిరసనాయిలులో, తర్వాత సబ్బునీళ్లలో కడిగి, వేళ్లతో మొన సరిచేసి, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఆరబెట్టాలి. మురికి కుంచె పట్టినవాడు అబద్ధం రాస్తాడని ఆ గురువు అనేవాడట. ఆ తర్వాత నిత్యానందం కుంచె ఎప్పుడూ మురికిగా ఉన్నట్టు ఎవరూ చూడలేదు. ఇరవై అడుగుల గోడ మీద ఒక వాక్యం రాస్తే, చివరి అక్షరం అనుకున్న చోటు నుంచి అర అంగుళం కూడా జరిగేది కాదు.

1994లో అర్ధవీడు నుంచి కృపారాణిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె, ఆమె తల్లి ఇళ్లకు సున్నం వేసేవాళ్లు. క్రిస్మసు ముందు రెండు నెలలు వాళ్లకు ఊపిరాడని పని. ఆయన రాసిన గోడలకు సున్నం వేసే కూలి చాలాసార్లు వాళ్లకే దొరికేది. నేను రాస్తా, మీవాళ్లు తుడుస్తారు అని ఆయన పెళ్లయిన కొత్తలో అనేవాడు. సరదాగా మొదలైన మాట క్రమంగా అభిప్రాయంగా గట్టిపడింది. సున్నమంటే ఆయనకు గిట్టేది కాదు. ఇంట్లో సున్నం కలుపుతూ ఉంటే తన రంగు డబ్బాలను లోపలికి తీసుకుపోయేవాడు.

2008లో గిద్దలూరుకు ఫ్లెక్సీ అచ్చు యంత్రం వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆయనకు పని లేకుండా పోయింది. ఆ తర్వాత 2015లో వానలు సరిగా పడలేదు. చేలల్లో కూలి తగ్గింది. కుటుంబానికి మిగిలింది ఉపాధి హామీ పని. అప్పుడు ఇంట్లో నలుగురు: ఆయన, కృపారాణి, వెంకాయమ్మ, నర్సింగు చదువుకు సిద్ధమవుతున్న కూతురు రూబీ.

కృపారాణి కూలికి పోయే చేను కొండమ్మది. ఆమె ఇంట్లో నాలుగు గేదెలుండేవి. మేత లేక మూడింటిని సంతకు తోలేశారు. మిగిలిన ఒక్క గేదె పాలతో చిలికిన మజ్జిగలో రోజూ ఒక చెంబు కృపారాణికి పోసేది. చేలో పని ఉన్నా లేకపోయినా ఆ చెంబు ఆగలేదు. నిత్యానందం ఇంట్లో నలుగురి మధ్యాహ్న భోజనం జొన్నసంగటి, ఆ మజ్జిగ.

అప్పటి ఇల్లు రెండంకణాల మట్టిల్లు. గోడల మందం మూరెడు. బోదగడ్డి కప్పు. తూర్పు ద్వారబంధం ఎత్తు తక్కువ, ఎవరైనా తల వంచి లోపలికి పోవాల్సిందే. ముందు పంచలో రోలు, ఎడమపక్క కోళ్లగూడు, వెనక గేదె లేని కొట్టం, దాని పక్కన పొట్టిగా ఒక గడ్డివామి. కప్పుకు ఈశాన్యం మూల చిల్లి పడితే, దాని మీద ఎక్కడో జాతరకు కట్టి వదిలేసిన ఫ్లెక్సీ తెచ్చి, అచ్చు కిందికి, తెల్లటి వీపు పైకి వచ్చేటట్టు పరిచి రాళ్లు పెట్టారు. తన పనిని తీసుకున్న వస్తువే తన ఇంటి కప్పు అయింది. వానొస్తే కారడం లేదని మాత్రం ఆయన ఒప్పుకున్నాడు.

2016 వేసవిలో వాళ్లకు పక్కా ఇల్లు మంజూరైంది. అదే స్థలంలో కట్టుకోవాలి కనుక జూన్‌లో మట్టిల్లు పడగొట్టాలి. వెంకాయమ్మ అప్పటికి మంచాన ఉంది. పడగొట్టే సంగతి చెప్పినప్పుడు ఆమె కొడుకును ఒక్క మాట అడిగింది.

"అందరి దుకాణాలూ రాస్తివి గదరా. మనిల్లు ఎప్పుడన్నా రాసినావా?"

ఆయన రాయలేదు. ఆ మాట తనను రెండు రోజులు నిద్రపోనివ్వలేదని ఆయనే చెబుతాడు. ఇంట్లో ఉన్న ఎనామిల్ డబ్బాలు మూత తీస్తే రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. కొత్త డబ్బా కొనే పరిస్థితి లేదు. మార్కాపురంలో పలకలు తయారుచేసే ఓబులయ్య షెడ్డుకు ఆయన లోగడ బోర్డు రాశాడు. కొన్ని నెలలు అక్కడే పలకల పనీ చేశాడు. ఆయన అడిగితే ఓబులయ్య మూల విరిగిన ఒక రాతిపలకను ఊరికే ఇచ్చాడు. రంగులు ఇంటి చుట్టూ వెతుక్కున్నాడు. నలుపుకు పొయ్యి మసి, ఎరుపుకు గుట్ట మీది ఎర్రమన్ను, ఇటుకపొడి, తెలుపుకు ముగ్గుపిండి, పసుపుకు వంటింటి పసుపు. కలపడానికి తుమ్మబంకను నీళ్లలో నానబెట్టి కొబ్బరిచిప్పలో పోసుకున్నాడు.

ఉదయం పదకొండు దాకా ఉపాధి పని, మధ్యాహ్నం నుంచి బొమ్మ. తల్లి మంచాన్ని గడప దగ్గరికి లాగించి, ఆమెను ద్వారబంధానికి ఆనించి కూర్చోబెట్టి, తాను వీధి అవతల నేల మీద కూర్చున్నాడు. మొదటి రోజు గోడ వేశాడు. మరునాడు చూస్తే ఆరిన రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. నున్నటి రాయి మీద ఒట్టి బంక నిలవదు. గీకేసి, బంక ఇంకొంచెం చిక్కగా నానబెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నిలిచింది. మొత్తం ఏడు రోజులు పట్టింది.

ఒక్క పొరపాటు జరిగింది. వామికి పసుపు వేస్తే అది చూస్తుండగానే ఎర్రబడింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. అంటే తన కుంచెలో ఎక్కడో సున్నం ఉంది. అంతకుముందు డిసెంబరులో చర్చి గోడకు సున్నం వేస్తున్నప్పుడు ఆ కుంచెను ఎవరో వాడి ఉంటారు, తాను సరిగ్గా కడగలేదు. ముప్పై ఏళ్లలో తన చేతిలో మురికి కుంచె అదొక్కటేనని ఆయన లెక్క కట్టుకున్నాడు. మంచం మీది నుంచి తల్లి, వామికి నిప్పు పెట్టినావేందిరా అని నవ్వింది. ఆయన నవ్వలేదు. తుడిచే వీలు లేక ఎర్ర వామిని అట్లాగే వదిలేశాడు.

గడపలో కూర్చున్న తల్లిని చివరి రోజున వేశాడు. ఆమె ముఖానికి ఏ రంగూ వాడలేదు. నల్లటి రాయినే ముఖంగా వదిలి, చుట్టూ తెల్లచీర కొంగును సన్నటి గీతతో తిప్పి, కళ్లకు రెండు, ముక్కుకు ఒకటి, అంతే. అక్టోబరులో వెంకాయమ్మ చనిపోయింది. ఆధార్ కార్డులో ఆమె ఫొటో ఉంది గానీ, దాన్ని బతికుండగా ఆమెకే చూపిస్తే, ఈమె ఎవరమ్మా అని అడిగింది. ఆమె ఆమెలా ఉన్నది ఆ పలక మీద మాత్రమే.

కొత్త ఇంట్లో ఉన్న ఒకే గదిలో, పొయ్యికి ఆరడుగుల దూరంలో, మేకుకు పలకను తగిలించారు. తుమ్మబంక నీళ్లకు కరుగుతుంది. అందువల్ల నిత్యానందం ఆ పలక దగ్గరికి నీటిచుక్కను రానివ్వలేదు. వానాకాలం గోడ చెమ్మగిల్లితే పలకను పెట్టెలో పెట్టేవాడు. తడిగుడ్డతో తుడవనిచ్చేవాడు కాదు. పొడిగుడ్డతో కూడా తానే తుడిచేవాడు. తొమ్మిదేళ్ల పొయ్యి పొగ దాని మీద పొరగా కూర్చుంది. ఇల్లు కొంచెం కొంచెంగా నల్లబడుతూ ఉంటే, నీళ్లలో కరిగిపోవడం కంటే ఇది నయమని సరిపెట్టుకున్నాడు.

ఇంకోటి వేయవచ్చు గదా అని అడిగేవాళ్లుంటారు. 2019 నుంచి ఆయన కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఫ్లోరైడు అనుమానంతో డాక్టరు ముందుగా అడిగింది, ఏ బోరు నీళ్లు తాగుతారని. కుంచె పట్టుకోగలడు, సన్నగీత లాగలేడు.

2025 ఫిబ్రవరిలో, విరిగిన మూల దగ్గర నుంచి వెంట్రుకంత సన్నటి పగులు కిందికి దిగుతున్నట్టు రూబీ కనిపెట్టింది. ఆమె ఇప్పుడు గిద్దలూరులో నర్సు. చట్రం బిగించకపోతే ఏదో ఒకరోజు రెండు ముక్కలవుతుందని తండ్రితో నాలుగు వారాలు వాదించి ఒప్పించింది. ఒక గురువారం భార్యాభర్తలిద్దరూ పలకను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మార్కాపురం పోయారు.

ఓబులయ్య షెడ్డులో ఇప్పుడు బడి పలకలు తక్కువ, నేలకూ గోడలకూ వాడే పలకరాళ్లు ఎక్కువ. పని వరస మాత్రం మారలేదు. కోసిన రాయి ముందు అరుగులాంటి గట్టు మీదికి వస్తుంది, అక్కడి నుంచి నీటి తొట్టిలోకి పోతుంది, నానాక అరగదీసే రాయితో రెండు ముఖాలూ రుద్దుతారు, తర్వాత గోడకు ఆనించి ఆరబెడతారు. ఓబులయ్య పలకను కొలిచి, చట్రానికి టేకుముక్క కోయించుకొస్తానని, గంటలో రమ్మని చెప్పి కలప అడితికి బయల్దేరాడు. నీళ్లు తగలనీయొద్దని నిత్యానందం ఆయనకు రెండుసార్లు చెప్పాడు. అయినా నమ్మకం చాలక, పలకను తానే గట్టు చివర దుప్పటి మడత మీద పెట్టాడు. పెట్టేటప్పుడు బొమ్మ ఉన్న ముఖాన్ని కిందికి పెట్టాడు. పలకల పనిలో అది మొదటి పాఠం: మంచి ముఖం కిందికి, వీపు పైకి, గీతలు పడితే వీపుకే పడాలి. అప్పుడు టైము పదీ పది. ఇద్దరూ మందుల దుకాణానికి పోయారు.

పది ఇరవైకి అంకాలమ్మ పనిలోకి వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ తొట్టి దగ్గర పనిచేసే మనిషి. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. గట్టు మీద వీపు పైకి పెట్టిన ఒక పాత రాయి కనిపించింది. గట్టు మీద ఉన్నది తొట్టిలోకి పోవాలి. దుప్పటిని పద్ధతిగా మడిచి పక్కన పెట్టి, పలకను నీళ్లలోకి జార్చింది. అరగంట నానాక తీసి, తడి వీపును రుద్ది, తిప్పి రెండో ముఖం మీద రాయి ఆనించి ఒక్క రుద్దు రుద్దింది. వేళ్లకు గరుకుగా ఏదో తగిలింది. రాయి పక్కన పెట్టి వంగి చూసింది.

పదకొండుకు వాళ్లు తిరిగి వచ్చేసరికి ఓబులయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. అంకాలమ్మ పలకను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. తొట్టిలో నీళ్లు కషాయంలా గోధుమ నలుపుగా ఉన్నాయి. నిత్యానందం ముందు ఆ నీళ్లను చూశాడు, తర్వాత పలకను. అది పూర్తిగా నల్లగా ఉంది. పక్కకు వంచి చూస్తే కప్పు వాలు ఒకటి, గోడ అంచు ఒకటి, ఉన్నట్టూ లేనట్టూ కనిపించాయి. గడప ఉన్న చోట ఏమీ లేదు.

"వీపు పైకుంటే తిరగ రుద్దనీకి వచ్చిన రాయనుకుంటి అన్నా," అంది అంకాలమ్మ. "బొమ్మ ఉందని నాకు ఒకరన్నా చెప్పినారా?"

ఓబులయ్య ఆమెను ఏదో అనబోయాడు. కృపారాణి అడ్డుపడింది.

"ఆమెను అనొద్దులే ఓబులన్నా. మంచి ముఖం కిందికి పెట్టమని ఈయనకు నేర్పింది నువ్వే గదా."

ఎంతసేపు నానిందని నిత్యానందం అడిగాడు. అరగంట అని చెప్పింది. ఆయన తలూపి, అవతల పేర్చి ఉన్న పలకరాళ్ల మీద, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. అరగంటలో తుమ్మబంక ఎంత కరుగుతుందో ఆయనకు బాగా తెలుసు.

కృపారాణి అంకాలమ్మ చేతిలోంచి పలక తీసుకుని, నీడపట్టున గాలి తగిలేచోట గోడకు ఆనించింది. తర్వాత వచ్చి భర్త పక్కన నిలబడింది.

"పోలేదయ్యా. ఆరనీ."

"బంక నీళ్లల్లో నిలుస్తాదా? నాకు చెప్తాండావా?"

"అది బంక గాదు."

"మరేంది?"

"సున్నం."

ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె చెప్పింది ఇది. మొదటి రోజు గోడ పెచ్చులుగా లేచిపోయినప్పుడు ఆయన మొహం ఆమె చూసింది. బంక చిక్కగా కలిపినా నిలవదని ఆమెకు తెలుసు. ఆమె తల్లి సున్నం వేసే రోజుల్లో, గోడకు ఆనుకుంటే చొక్కాలకు అంటకుండా ఉండాలని, సున్నంలో మజ్జిగ విరుగుడు కలిపేది. అట్లా వేసిన గోడ వానకు మూడేళ్లు తడిసినా రాలేది కాదు. మర్నాటి నుంచి ఆయన ఉపాధి పనికి పోగానే ఆమె మజ్జిగను పొయ్యి మీద కాచి, విరగ్గొట్టి, గుడ్డలో పిండగా మిగిలిన విరుగుడు ముద్దలో చిటికెడు తడి సున్నం వేసి, జిగురు తేలేదాకా నూరేది. ఆయన కొబ్బరిచిప్పలోని బంక సగం పారబోసి అందులో దీన్ని కలిపేది. రంగు కొంచెం తెల్లగా ఉందేమని ఆయన ఒకసారి అడిగితే, కొత్త చెట్టు బంక అంది. నిజం చెబితే ఆయన ఆ పలకను ముట్టుకోడని ఆమె భయం. చిప్పలో సున్నం ఉందని తెలిస్తే ఆ కుంచెను కూడా పారేసేవాడు.

ఈ విషయంలో కృపారాణి తల్లిది మూఢనమ్మకం కాదు. పాల విరుగుడులోని మాంసకృత్తూ తడి సున్నమూ కలిస్తే గట్టి జిగురు వస్తుంది. అది ఒకసారి పూర్తిగా ఆరిన తర్వాత నీటికి కరగదు. పైగా గాలి తగిలేకొద్దీ అందులోని సున్నం మెల్లగా రాయిలా మారుతుంది. తొట్టి నీళ్లను నల్లబరచింది తొమ్మిదేళ్ల పొయ్యి మసి. ఇక బొమ్మ మాయం కావడానికి కారణం తడి. సున్నపు పొరలోని సన్నటి సందుల్లో నీరు నిండితే తెలుపు పలచబడి, వెనక ఉన్న నలుపు కనిపిస్తుంది. కొత్తగా సున్నం వేసిన గోడ తడి మీద వెలిసినట్టుండి, ఆరాక తెల్లబడడం అందరూ చూసిందే.

అయితే ఆ క్షణాన ఆ షెడ్డులో ఇంత ధీమా ఎవరికీ లేదు. కృపారాణికీ లేదు. ఆమె ఎరిగిన గోడలు మూడేళ్లు తడిసినవే గాని, తొట్టిలో నానినవి కావు. ఆమె కొంగు అంచును వేలికి చుట్టడం, విప్పడం ఆపలేదని అంకాలమ్మ తర్వాత చెప్పింది.

పదకొండుంబావుకు విరిగిన మూల కింద తెల్లటి మచ్చ ఒకటి తేలింది. అది అన్నిటికంటే మందంగా పూసిన రంగు కనుక ముందుగా పలికింది. ఓబులయ్య దగ్గరికి పోయి చూశాడు. కప్పు మీది ఫ్లెక్సీ.

"ఇల్లు ఇంకా రాలేదు, ఫ్లెక్సీ వచ్చిందే," అన్నాడు.

"దానికి ముందొచ్చే అలవాటు గదన్నా," అంది కృపారాణి.

నిత్యానందం తిరగలేదు. తర్వాత గోడ వచ్చింది, పైనుంచి కిందికి, ఆరే వరసలోనే. రోలు వచ్చింది. కొట్టం వచ్చింది. ఏది వచ్చినా అంకాలమ్మ పేరు పెట్టి చెబుతూ ఉంది, ఆయన వింటూ ఉన్నాడు. ఎడమపక్క మాత్రం బొటనవేలంత మేర రాయి బయటపడి ఉంది. ఆమె రుద్దిన ఒక్క రుద్దుకు కోళ్లగూడు పోయింది. అది చెప్పడానికి ఆమె జంకింది. కృపారాణి, కోళ్లను ఎట్లాగూ ఆ ఏడే అమ్మేస్తిమిలే అంది.

వామి ఎట్లుందని ఆయన అడిగాడు. బొమ్మ గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. ఎర్రగానే ఉంది, ఇటుకపొడి తీరుగా అని ఓబులయ్య చెప్పాడు. నిత్యానందం లెక్క వేసుకున్నాడు. సున్నం చిప్పలోనే ఉంటే, పసుపు ఎర్రబడింది చిప్ప వల్ల.

"అయితే నా కుంచె శుభ్రంగానే ఉండింది," అన్నాడు.

"ఎప్పుడు లేదు?" అంది భార్య.

తొమ్మిదేళ్లు ఈ సంగతి నీ కడుపులో పెట్టుకుని నా చేత వానకాలమంతా ఆ పలకను పెట్టెలో పెట్టించినావే అని ఆయన నిష్ఠూరమాడాడు. ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో, చెప్పబోయిన ప్రతిసారీ నువ్వు సున్నాన్ని తిడుతూనే ఉంటివి అని ఆమె జవాబు. అంకాలమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది. కానీ వాళ్ల మాటల మధ్య ఆయన మనసు ఇంకో చోటికి పోయింది. విరుగుడు అంటే మజ్జిగ. ఏడు రోజులు. ఆ వారం సంగటిలో మజ్జిగ నీళ్లలా ఉండడం ఆయనకు గుర్తుంది. కొండమ్మ గేదె వట్టిపోతున్నదని కృపారాణి చెప్పడమూ గుర్తుంది. గేదె కూడా ఉపాధి పనికి పోతాందేమో, అందుకే పాలు తగ్గినాయి అని తల్లి మంచంలోంచి హాస్యమాడింది. రూబీ నవ్వీ నవ్వీ పొలమారింది.

"అమ్మకు కూడా పలచటి మజ్జిగే పోసినావా?" అని అడిగాడు. అందులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగాడు.

కృపారాణి అత్తకు వేరుగా చిక్కటి మజ్జిగ తీసిపెట్టాలనే అనుకుంది. కానీ మంచం పొయ్యి పక్కనే ఉండేది. విరుగుడు పిండుతుంటే వెంకాయమ్మ మొదటి రోజే చూసింది. ఏం చేస్తున్నావని అడిగి, చెబితే విన్నది.

"ఏమన్నదంటే," అంది కృపారాణి. "నా వంతూ దాంట్లోనే పొయ్యవే. నేనెన్నాళ్లుంటా, అది ఉంటాది అనింది. నీకు చెప్పొద్దనింది కూడా ఆమెనే. గేదె మాట అందుకే ఎత్తింది."

ఓబులయ్య టేకుముక్క పట్టుకుని అవతలికి పోయాడు. నిత్యానందం లేచి, ఇటు తిరిగి, గోడ దగ్గరికి నడిచాడు. పదకొండు యాభై అయింది. గడప ఆరుతూ ఉంది. రాయి నలుపు కొంచెం కొంచెంగా బూడిదరంగుకు దిగుతుంటే, దాని మీద చీరకొంగు తెల్లగీత ముందు భుజం దగ్గర, తర్వాత తల చుట్టూ పలికింది. లోపలి ముఖం ఎప్పుడూ రాయే, కనుక పోవడానికి ఏమీ లేదు. కళ్ల గీతలు రెండూ వచ్చాయి. ముక్కు గీత చివరగా వచ్చింది. పొయ్యి మసి పోవడంతో ఆ ముఖం ఆయన వేసిన రోజు కంటే కూడా స్పష్టంగా ఉంది.

ఆయన ముడుచుకోని వేళ్లతో గీత మీద మెల్లగా రాశాడు. వేలికి ఏమీ అంటలేదు. వేలిని వెలుతురుకు ఎత్తి చూసి, భార్యకు చూపించాడు. చొక్కాకు కూడా అంటదు, కావాలంటే ఆనుకో అని ఆమె అంది.

చట్రం మరునాటికి సిద్ధమైంది. అంకాలమ్మ చట్రం బిగించిన పలకను బస్టాండు దాకా తానే మోసుకొచ్చి, పోయిన కోళ్లగూడు గురించి మళ్లీ చెప్పబోతే, ఆయన ఆపి, నువ్వు కడక్కపోతే మా అమ్మ మొహం ఇంకా పొగలోనే ఉండేది చెల్లెలా అన్నాడు.

పలక ఇప్పుడు పొయ్యికి దూరంగా, కిటికీ ఎదురు గోడకు ఉంది. పగులు ఆగింది. మొన్న డిసెంబరులో ఇంటికి సున్నం వేసినప్పుడు కృపారాణి దాన్ని దించి, చట్రం విప్పి, గిన్నెలతో పాటు నీళ్లతో కడిగింది. నిత్యానందం అభ్యంతరం చెప్పలేదు. సున్నంలో విరుగుడు ఎంత వేయాలో దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాడు కూడా. పలక ఆరేదాకా మాత్రం ఇంట్లో ఉండలేక, కొండమ్మ ఇంటి దాకా పోయి వస్తానని మజ్జిగ చెంబు తీసుకుని బయటికి పోయాడు.